ముప్పై రెండో నెంబరు మూట

రెండేళ్ళుగా ఇస్త్రీ మాస్టారికి మంగళవారం అంటే భయం. మంగళవారం కొట్టుకి సెలవు. మిగతా ఆరు రోజులూ లాండ్రీలో నిలబడి ఇస్త్రీ పెట్టె తోసే మనిషికి ఏడో రోజున కాళ్ళు బారజాపుకుని పడుకునే హక్కు ఉండాలి. పైగా యాభై ఎనిమిదేళ్ళ వయసు, పట్టేసిన కుడి భుజం, తాళ్ళలా ఉబ్బిన పిక్కల నరాలు. అయినా మంగళవారం తెల్లారేసరికి తల్లి స్నానం చేసి, కళ్ళజోడు తుడుచుకుని, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉండేది. "ఇవాళ ఎక్కడికి వెళ్తున్నావురా?" అని అడిగేది. వెళ్ళనంటే మాత్రం ఏమీ అనేది కాదు. అదే చిక్కు. తిట్టే తల్లితో ఎలాగోలా వేగొచ్చు. ఏమీ అనని తల్లితో ఎవరు వేగగలరు?

ఆవిడకి ఎనభై ఒకటో ఏడు. ఆ వయసులో ఆవిడ వెతికిస్తున్నది తన తల్లిని. బతికున్న మనిషిని కాదు, సమాధిని.

ఈ నిప్పు రాజేసింది వంశవృక్షం మావయ్య. ఆయన మాస్టారి తల్లికి పెదనాన్న కొడుకు, ఆవిడకంటే ఏడేళ్ళు చిన్న. రిటైరయ్యాక ఏమీ తోచక వంశంలో అందరి పేర్లూ పోగుచేయడం మొదలుపెట్టాడు. పెళ్ళికి పిలిచినా చావుకి పిలిచినా నోటుపుస్తకంతో దిగేవాడు. ఒక ఇంట్లో శవం పక్కన కూర్చుని, పోయినాయన తాత పేరేమిటని అడిగితే ఆ ఇంటివాళ్ళు ఆయన్ని బయటికి పంపి తలుపేసుకున్నారు. అలా పడ్డ పాట్లన్నీ తొమ్మిది కాగితాలు అతికించిన పటంగా తయారయ్యాయి. దాన్ని పరవడానికి సరిపడేంత బల్ల చుట్టాల్లో ఎవరింట్లోనూ లేక, లాండ్రీకి పట్టుకొచ్చి ఇస్త్రీ బల్ల మీద పరిచాడు.

అందరూ ఎవరి గడి వాళ్ళు వెతుక్కుని మురిసిపోయారు. మాస్టారి తల్లి భూతద్దం పెట్టుకుని తన గడి చూసుకుంది. పైన తండ్రి పేరుంది. తండ్రి పక్క గడిలో, తల్లి ఉండాల్సిన చోట, 'వివరాలు తెలియవు' అని ఉంది.

"చచ్చిపోయిందనైనా రాయొచ్చుగా" అంది.

"ఎప్పుడు పోయింది, ఎక్కడ పోయింది అన్నది కూడా రాయాలి కదక్కయ్యా. రుజువు లేకుండా రాస్తే అది వంశవృక్షం ఎలా అవుతుంది? పుక్కిటి పురాణం అవుతుంది" అన్నాడు మావయ్య.

నిజానికి అమ్మమ్మ సంగతి చుట్టాలందరికీ తెలుసు. రుజువు అక్కర్లేకుండానే తెలుసు. మొగుణ్ణీ మూడేళ్ళ పిల్లనీ వదిలేసి ఎవడితోనో లేచిపోయింది, అంతే. ఆ ఎవడో ఎవడన్నది ఎవరూ చూడలేదు. చూడకపోవడం వల్లే ఆ కథ అంత గట్టిగా నిలబడింది. పిల్ల బడి నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే, గట్టిగా నవ్వితే, జడ కొంచెం వదులుగా వేసుకుంటే, "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అనేవారు. వచ్చిన సంబంధాలు మూడు ఆ ఒక్క మాట మీదే వెనక్కి పోయాయి. మిల్లులో టైమ్‌కీపరుగా పనిచేసే తాతయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూతురు అడిగినప్పుడల్లా "వెళ్ళిపోయింది" అని, చొక్కా తగిలించుకుని బయటికి నడిచేవాడట. అందుకే ఇప్పుడు ముసలావిడైన ఆ కూతురికి తల్లి మీద ఎంత కోపమో తండ్రి మీద అంతకంటే ఎక్కువ కోపం. ఒక్కసారైనా వెతికాడా మహానుభావుడు అనేది.

ఇప్పుడు ఆవిడకి కావలసింది ఒక్కటే. తను పోయేలోగా తెలియాలి, తల్లి తనని వదిలేసి పోయిందా, లేక చచ్చిపోయిందా. ఎక్కడో ఒక సమాధి కనపడితే, దాని మీద ఆమె కనపడకుండా పోయిన ఏటి తేదీ ఉంటే, ఇన్నేళ్ళ మాటలన్నీ అబద్ధమని తేలిపోతుంది.

అలా మాస్టారి మంగళవారాలు గాల్లో కలిశాయి. జననమరణాల ఆఫీసులో ఫలానా ఏటి పుస్తకం చెదలు తినేసింది. మునిసిపల్ శ్మశానంలో ఆడవాళ్ళ పేర్లు రాసే అలవాటే లేదు, 'ఫలానావారి భార్య' అని రాశారు, అలాంటి ఫలానాలు నాలుగొందల మంది. తల్లి చదివిన బడిలో చేరిక పుస్తకం దొరికింది గానీ అందులో ఆవిడ తల్లి పేరు రాయాల్సిన చోట ఖాళీ ఉంది. చెప్పులరిగాయి, దుమ్ముకి దగ్గు పట్టుకుంది.

"బట్టల మీద మరకలు తీసే చేత్తో మనుషుల మీద మరకలు కూడా తీసేద్దామనుకుంటున్నారా?" అంది భార్య, మందుసీసా మూత తీస్తూ.

"నేనేం అనుకోవడం లేదే. నడుస్తున్నానంతే" అన్నారు మాస్టారు.

చివరికి పేపర్లో ఒక ప్రకటన చూసి మావయ్యే పరిగెత్తుకొచ్చాడు. ఊరి బయట పాత కుష్ఠు ఆస్పత్రి ఉంది. దాని వెనక, అక్కడే పోయిన రోగుల్ని పాతిపెట్టిన స్థలం ఉంది. అందులో కొత్త భవనం కడతారట. తమవాళ్ళు అక్కడున్నారని రుజువు చూపించి, నెలాఖరులోగా దరఖాస్తు పెట్టుకున్నవారి సమాధులు వేరే చోటికి మార్చి, పేరున్న రాయి పెడతారు. మిగిలినవాళ్ళనందరినీ తీసి ఒకే గుంతలో పూడుస్తారు.

"ఊరికే వెళ్ళి పేర్ల జాబితా చూశాను అల్లుడూ. చూడకుండా ఉండలేను కదా, నా రోగం నాది. అందులో మీ తాత పేరుంది. భర్త, మిల్లు టైమ్‌కీపరు, వీధి పేరుతో సహా!"

ఆస్పత్రి రికార్డు గుమాస్తా మోకాలు నొప్పితో కుంటుతూ అసలు పుస్తకం తీశాడు. మోకాలు నొప్పున్న మనిషిని చూడగానే మాస్టారికి ఎక్కడలేని అభిమానం పుట్టింది. పేజీలో అమ్మమ్మ పేరుంది, వయసు ఇరవై నాలుగు. చేర్పించినవారి సంతకం తాతయ్యది, చివరి అక్షరం నుంచి పొడుగ్గా ఒక గీత ఎడమకి వెనక్కి లాగి ఉంది. తేదీ చూస్తే అప్పటికి మాస్టారి తల్లికి మూడేళ్ళు. అక్కడిదాకా బాగానే ఉంది. గుమాస్తా మరణాల పుస్తకం కూడా తెరిచాడు. వరుస సంఖ్య నూట నలభై ఏడు. చనిపోయింది పదకొండేళ్ళ తరవాత.

మాస్టారు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పారు. ముసలావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"అంటే నాకు పధ్నాలుగేళ్ళు వచ్చేదాకా బతికే ఉందా?"

"ఉందమ్మా. జబ్బు కదా, రానిచ్చేవాళ్ళు కాదు."

"బస్సెక్కితే ఎంతసేపురా అక్కడికి?"

"గంట."

"గంట" అంది ఆవిడ. "ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయిందా? బతికున్నానమ్మా అని? నేను ఊరందరిచేతా మాటలు పడుతుంటే గంట దూరంలో కూర్చుందా?"

లేచిపోలేదన్న సంతోషం ఒక పూటైనా నిలవలేదు. వదిలేసిందన్న మాట మాత్రం కొత్త బట్టలు కట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆవిడకి ఇప్పుడు సమాధి చూడాలని ఉంది, దండం పెట్టడానికి కాదు, దులిపేయడానికి.

మరుసటి మంగళవారం ముగ్గురూ వెళ్ళారు. స్థలం మోకాలెత్తు గడ్డితో, మధ్యమధ్య జానెడు ఎత్తు సిమెంటు దిమ్మెలతో ఉంది. ఒక్కో దిమ్మె మీద ఒక్కో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద ఒక అంకె. గుమాస్తా నూట నలభై ఏడు అంకె ఉన్న దిమ్మె దగ్గరికి తీసుకెళ్ళి, తను తెచ్చిన స్టూలు వేశాడు. ముసలావిడ కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. బడి నుంచి మొదలుపెట్టి పెళ్ళి సంబంధాల దాకా వచ్చింది. ఏ అత్త ఏమందో, ఏ పిన్ని ఎలా నవ్విందో, డెబ్భై ఏళ్ళ కిందటి మాటలు నిన్నటి మాటల్లా ఒకదాని వెనక ఒకటి తీసింది. గంటసేపు తిట్టింది. మావయ్య నోటుపుస్తకం తీయబోయి సిగ్గుపడి జేబులో పెట్టుకున్నాడు.

ఆ గంటలో మాస్టారు చూడకూడనిది చూశారు. కళ్ళున్న పాపానికి చూశారు. ఊరికే నిలబడలేక అటూ ఇటూ తిరుగుతుంటే యాభై ఎనిమిదో నెంబరు బిళ్ళ కనపడింది. నాలుగడుగులు వేస్తే ఇంకో యాభై ఎనిమిది కనపడింది. చివరిదాకా నడిచారు. ఎంత వెతికినా నూట ఎనభై దాటిన అంకె లేదు. మరణాల పుస్తకంలో వరుస ఆరువందలు దాటడం ఆయన కళ్ళారా చూశారు.

వంగి ఒక బిళ్ళని గోటితో గీశారు. పైన తాడు దూర్చే కన్నం. అంచున ఒక గాటు. అంకెల సందుల్లో తెల్లటి గారలాంటి తెట్టె. ఆ తెట్టె ఆయనకి అన్నదమ్ముడంత తెలిసినది. సొంత కొట్టు పెట్టకముందు ఆయన వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆస్పత్రి లాండ్రీలో ఆరేళ్ళు పనిచేశారు. అక్కడ ప్రతి మంచానికీ ఒక బట్టల మూట, ప్రతి మూటకీ ఒక ఇత్తడి బిళ్ళ. ఆడవాళ్ళ వార్డైతే అంచున ఒక గాటు, మగవాళ్ళ వార్డైతే రెండు గాట్లు. మూటతో పాటే సోడా నీళ్ళలో ఉడికి ఉడికి బిళ్ళకి అలాంటి తెట్టె కడుతుంది. ఇవి చావుల వరుస సంఖ్యలు కావు. బట్టల మూటల నెంబర్లు.

అంటే తల్లి తిడుతున్నది ఎవరినో.

ఆ రాత్రి ముసలావిడ హాయిగా నిద్రపోయింది. కడుపులో భారం దిగినట్టుందిరా అని పొద్దున్నే చెప్పింది కూడా. మావయ్య వచ్చి పటంలో 'వివరాలు తెలియవు' గడి నల్ల సిరాతో నింపి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. దరఖాస్తు కూడా పెట్టేశారు. రెండేళ్ళ తిరుగుడు అయిపోయింది. వచ్చే మంగళవారం మాస్టారు పడుకోవచ్చు. నోరు విప్పకపోతే చాలు.

నాలుగు రోజులు విప్పలేదు. ఆ నాలుగు రోజుల్లో రెండు చొక్కాలు కాల్చారు, ఒక చీర రంగు పోగొట్టారు. ఐదో రోజున భార్య ఇస్త్రీ పెట్టె చేతిలోంచి లాక్కుని, "ఏమిటో చెప్పండి, లేకపోతే కొట్టు తగలబడేలా ఉంది" అంది.

చెప్పారు. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "అత్తయ్యగారికి చెప్పకండి. ప్రాణం కుదుటపడింది, మళ్ళీ కెలకడం దేనికి?" అంది. మళ్ళీ తనే, "అయితే మనవాళ్ళని ఆ ఒకే గుంతలో వేసేస్తారా?" అంది.

"వేస్తారు. ఎవరో మనిషిని మన అమ్మమ్మ అని పేరు పెట్టి ఊరేగిస్తారు. మనకే కాదు, అక్కడ ముప్పై నాలుగు కుటుంబాలు దరఖాస్తులు పెట్టుకున్నాయి. అందరివీ తప్పే."

"అయితే వెళ్ళండి" అంది భార్య. "ఇక్కడుంటే ఇంకో చొక్కా కాలుస్తారు."

గుమాస్తా మొదట ఒప్పుకోలేదు. "నాకు ముందున్న గుమాస్తా, ఆయనకి ముందున్నాయన, అందరూ ఇలాగే చూపించారండీ. కనపడని నెంబర్లు నేలలోకి కుంగిపోయాయని చెప్పాం" అన్నాడు.

"ఆస్పత్రిలో మంచాలెన్ని?"

"అప్పట్లో నూట ఎనభై" అని, అన్నాక నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ఆ తరవాత కుర్చీలోకి జారి, "ముప్పై నాలుగు కుటుంబాలు" అన్నాడు. "అందరూ ఏడ్చి వెళ్ళారండీ. ఒకాయన అయితే ఆ దిమ్మెని కావలించుకున్నాడు."

"లాండ్రీ పుస్తకాలు ఉన్నాయా?"

"అవి రికార్డులు ఎలా అవుతాయండీ?"

అయ్యాయి. పాత లాండ్రీ గదికి ఇప్పుడు విరిగిన మంచాలు కాపురం ఉంటున్నాయి. తుప్పు పట్టిన బాయిలర్ వెనక ఒక రేకు పెట్టె, పెట్టెలో గుడ్డ అట్టల పుస్తకాలు కనపడ్డాయి. మాస్టారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పారు. వెన్ను నొప్పి పుట్టినా లేవలేదు. ఆస్పత్రి డాక్టర్లకంటే లాండ్రీ మేస్త్రీ దస్తూరీ బాగుంది, ఆ మాట గుమాస్తాకి కూడా చూపించి చెప్పారు.

అమ్మమ్మ మూట నెంబరు ముప్పై రెండు. ఆమె పోయిన రోజున అదే దస్తూరీలో, 'ముప్పై రెండో మూట కాల్చేశాం. బిళ్ళ మట్టికి ఇచ్చాం. కొత్త బిళ్ళ కావాలి' అని ఉంది. మట్టికి అంటే సమాధికి. వారం తరవాత ఇంకో ఆడమనిషి పేరు, అదే ముప్పై రెండు. ఆరేళ్ళకి ఆమె బిళ్ళ కూడా మట్టికి ఇచ్చారు. ఆ తరవాత మూడో మనిషి, ఆమె బిళ్ళా మట్టికే. అంటే గడ్డిలో ముప్పై రెండులు మూడుండాలి. ఇద్దరూ వెళ్ళి చూశారు. మూడూ ఉన్నాయి, మూడు మూలల్లో. ఏది ఎవరిదో చెప్పే ఆధారం ఏదీ లేదు. ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ పాతిపెట్టేవారట.

అక్కడితో ఆపేసి ఉంటే మాస్టారు బస్సు అందుకునేవారు. పుస్తకం మూయబోతుండగా వెనక పేజీలు కనపడ్డాయి, 'బయటికి' అన్న మకుటంతో. రోగి దగ్గర్నుంచి ఏ వస్తువు గేటు దాటాలన్నా లాండ్రీలో మూడుసార్లు ఉడకబెట్టాలి, తీసుకెళ్ళేవాళ్ళు సంతకం పెట్టాలి. అదీ రూలు. వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. 'ముప్పై రెండు. గౌను ఒకటి, చిన్నది, కొత్త గుడ్డ, చేతికుట్టు. మూడు ఉడుకులు. బయటికి.' దాని పక్కన సంతకం, చివరి అక్షరం నుంచి ఎడమకి వెనక్కి లాగిన పొడుగు గీత. మరుసటేడు అదే నెలలో ఇంకో గౌను. ఆ పైయేడు ఇంకోటి. పదకొండున్నాయి. చివరి మూడింటికి 'పెద్దది' అని రాశారు.

మాస్టారు ఆ పేజీ మూడుసార్లు చదివారు. గుమాస్తా ఏమిటండీ అని అడిగితే దుమ్ము అన్నారు.

బుధవారం కొట్టు తెరవలేదు. తల్లిని బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి ముందు తప్పు సంగతి చెప్పారు. ఆవిడ తెల్లబోయింది.

"అయితే నేను గంటసేపు పరాయి మనిషిని తిట్టానా?"

"అవునమ్మా."

"అయ్యో! ఆవిడెవరో మహాతల్లి, ఒక్క మాట అనకుండా పడింది" అని నోరు నొక్కుకుంది. ఒక్క క్షణం నవ్వొచ్చినట్టయింది ఇద్దరికీ. తరవాత ఆవిడ ముఖం వాడిపోయింది. "మళ్ళీ అంతా మొదటినుంచీ తిట్టాలంటే నాకు ఓపిక లేదురా. అలిసిపోయాను. అసలుదెక్కడుందో చూపించు, ఒక చూపు చూసి వెళ్ళిపోదాం."

మాస్టారు పుస్తకం తెరిచారు. పదకొండు పద్దులూ తేదీలతో సహా చదివారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. ముసలావిడ వేళ్ళు మడవడం మానేసి వింటూ కూర్చుంది.

"సంతకం నాన్నదేనా?" అంది చివరికి.

"ఆయనదే. ఏడాదికి పన్నెండుసార్లు వచ్చినట్టుంది. తెచ్చి ఇచ్చినవి కూడా ముందు పేజీలో ఉన్నాయి, గుడ్డ, దారం, బొత్తాలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కుష్ఠు ఉన్నదాని కూతురంటే బళ్ళో కూర్చోనిచ్చేవారా అమ్మా? పక్కింటివాళ్ళు మంచినీళ్ళు ఇచ్చేవారా? లేచిపోయినదాని కూతురంటే తిడతారు, వెలివేయరు. అలా అనుకుని ఉంటాడు."

 ఎదురుగా ఎవరో రోగి కర్ర ఊతంతో వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్ళేదాకా ఆవిడ చూస్తూ ఉంది.

"కొత్త గుడ్డ మూడుసార్లు ఉడకబెడితే ఏమవుతుందిరా?"

ఈ ప్రశ్నకి మాస్టారు ముప్పై ఐదేళ్ళుగా కొట్టుకొచ్చేవాళ్ళకి జవాబు చెబుతున్నారు. "వెలిసిపోతుందమ్మా. సోడా వేసి ఉడికిస్తే ఎంత కొత్తదైనా పాతబట్టలా అయిపోతుంది."

"పాతవి కొనుక్కొచ్చాడనుకున్నాను" అంది ముసలావిడ. "ఏటేటా ఒకటి తెచ్చేవాడు. ఎవరో తొడిగి విడిచేసినవి నా మొహాన కొడుతున్నాడనుకున్నాను. రంగు వెలిసిపోయి, సబ్బు వాసన వేస్తూ ఉండేవి. తొడుక్కోవే అంటే తొడుక్కునేదాన్ని కాదు. చేతులు ఒకసారి పొట్టిగా ఉండేవి, ఒకసారి పొడుగ్గా ఉండేవి. ఒకటి గులాబీ రంగుది. దాన్ని నాన్న చూస్తుండగానే పొయ్యిలో పెట్టాను."

"నువ్వు చిన్నపిల్లవమ్మా."

"పదమూడేళ్ళురా నాకు. ఆయన నన్నేమీ అనలేదు. చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళాడు."

 మాస్టారు తల్లి చెయ్యి పట్టుకున్నారు. మామూలుగా వాళ్ళింట్లో ఎవరూ ఎవరి చేతులూ పట్టుకోరు.

గుమాస్తా కాగితాలు పట్టుకుని కుంటుతూ వచ్చాడు. ముప్పై నాలుగు దరఖాస్తులూ రద్దు చేసి, గడువు ఇంకో నెల పొడిగించారని, ప్రతి కుటుంబానికీ తనే వెళ్ళి చెప్పాలని అన్నాడు. చెప్పేటప్పుడు మోకాలు నొక్కుకున్నాడు. "మీది కొత్తగా రాయాలండీ. ముప్పై రెండులు మూడున్నాయి, ఏదో ఒకటి చెబితే..."

మాస్టారు తల్లి వైపు చూశారు. "ఏది రాయమంటావమ్మా?"

"మిగతా ఇద్దరికోసం ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదండీ" అన్నాడు గుమాస్తా.

"మూడూ రాయి. వాళ్ళవాళ్ళు వస్తే ఇచ్చేద్దాం. రాకపోతే మనవాళ్ళే."

"ఒక కుటుంబానికి మూడంటే పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో..."

"నువ్వు తప్పు చూపించావు కదా నాయనా, నువ్వే ఒప్పించు" అంది ముసలావిడ. ఆ గొంతులో కోపం లేదు. గుమాస్తా ఇంకో రెండు ఫారాలు తేవడానికి వెనక్కి తిరిగాడు.

తరవాత కొడుకు భుజం పట్టుకుని ఆవిడ గడ్డిలోకి దిగింది. ఎండ బాగా ఎక్కింది. మొదటి ముప్పై రెండు గోడ వారన ఉంది. స్టూలు వేస్తానన్నా కూర్చోలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. మాస్టారికి తెలిసి ఆవిడ ఎనభై ఏళ్ళలో ఎవరినీ అమ్మా అని పిలవలేదు.

"గౌన్లన్నీ సరిపోయాయమ్మా" అంది. "గులాబీది కూడా."

రెండోది దూరంగా పంపుషెడ్డు పక్కన ఉంది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. చాలమ్మా, ఇక్కణ్ణుంచే చెప్పు, ఎవరైతేనేం వింటారు అన్నారు మాస్టారు. ఆవిడ వినలేదు. అక్కడిదాకా నడిచి అదే మాట చెప్పింది. తరవాత మూడోదాని దారి ఎటని అడిగింది.